ముడిబియ్యపు అన్నము

దినమునకు రెండుపూటల తినుచున్న అన్నమును గూర్చి పాఠమేమి యుండునని విద్యార్థులు నవ్వవచ్చును. నిరుటివరకు మేమును అట్లే తలచియుంటిమి. ఒకనాడు మా వంటయింట జరిగిన చిన్న పరాభవము మా తలంపును మార్చినది. దానిని ముందు చెప్పి, పిదప గింజలోనికి పోవుదము.

బరంపురము బజారులో "బ్రౌన్ రైస్" అను పేర సంచులలో అమ్ముచున్న బియ్యమును ఒక కిలో కొని తెచ్చితిమి. తెలుగున దీనికి ముడిబియ్యమను చక్కని పేరున్నది. తెల్లబియ్యమును వండునట్లే మూడు నీళ్లు మార్చి కడిగి, గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల నీరు పోసి, కుక్కరు మూడుమారులు ఈల వేయగానే దించితిమి. మూత తీసి చూడగా మెతుకులు విడివిడిగా, నిగనిగలాడుచు, చూపునకు మిగుల అందముగా నున్నవి. విస్తరిలో వడ్డించి పప్పు కలుపుకొన్న తరువాత గాని సంగతి తెలియలేదు. తొంబదియేండ్ల మా నాయనమ్మగారు ఒక ముద్ద నోటనుంచుకొని, చాలసేపు నమిలి, మెల్లగా చేతిలోనికి తీసి, "ఏట్రా నాయనా, ఇవి మెతుకులేటి, గులకరాళ్లేటి? నానబెట్టకుండా ముడిబియ్యం ఎసట్లో పోసినోడివి నువ్వే!" అనిరి. ఆ పూట ఆమె అటుకులు నానవేసికొని తినిరి. మేము మాత్రము పట్టుదలకై ఆ యన్నమునే తిని, రాత్రి కడుపునొప్పితో మేలుకొంటిమి.

మరునాడు ఆమెయే పొయ్యి దగ్గర కూర్చుండి మాచేత వండించిరి. ఆ వంటనే ఈ పాఠమున వివరింపబోవుచున్నాము. ఐతే అంతకుముందు, ఈ గింజ ఎందులకింత మొండిదో తెలిసికొనవలెను.

ఒక వడ్లగింజను అరచేతిలో నుంచుకొని చూడుడు. పైన గరుకుగా పసుపువన్నెతో నుండునది ఊక. దానిని గోటితో ఒలిచినచో లోపలినుండి గోధుమవన్నె గింజ బయటపడును. అదియే ముడిబియ్యము. కొన్ని రకముల వడ్లలో నీ గింజ ఎఱ్ఱగను, కొన్నింట నల్లగను ఉండును. ఆ రంగు గల పలుచని పొరలను మరయందు తీసినపుడు తవుడనుచున్నాము. గింజయొక్క ఒక కొనయందు, ప్రక్కకు ఒదిగి, మిగుల చిన్నదైన ముక్క యొకటి కనబడును. అది అంకురము. మొలక అచటినుండియే వచ్చును. తవుడును అంకురమును పోగా మిగులునది తెల్లబియ్యము. అందు దాదాపు అంతయు పిండియే. తెల్లబియ్యపు గింజను భూతద్దముతో చూచినచో ఒక మూల చిన్న నొక్కు కనబడును గదా! అంకురము కూర్చుండిన చోటు అది.

లెక్కకు చెప్పవలెనన్న, 100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు ఊక, 8 మొదలు 10 కిలోల వరకు తవుడును అంకురమును, తక్కినది తెల్లబియ్యము. తూకమున చూచిన తవుడు స్వల్పమే. కాని గింజలోని నూనె, పీచు, ఇనుము, బి విటమినులు అధికభాగము ఆ స్వల్పమునందే యున్నవి. వీనిలో థయమిన్ అనబడు బి1 విటమినును మాత్రము తీసికొందము. మనదేశపు ఆహారపట్టికల ననుసరించి, 100 గ్రాముల దంపుడు బియ్యమున నిది సుమారు 0.21 మిల్లీగ్రాములు, మరపట్టిన పచ్చిబియ్యమున 0.06 మాత్రమే. అనగా మూడింట రెండు వంతులకు పైగా మరయొద్దనే నిలిచిపోయినది. దానిని పశువులు తినుచున్నవి. పశువులకు మేలే!

ఆ పొరలలో పీచును నూనెయు ఎక్కువగుటచేత, అవి నీటిని లోనికి తొందరగా పోనీయవు. పిండి ఉడుకవలెనన్న వేడిమియు నీరును రెండును దానిని చేరవలెను. సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడియందు పిండికణములు నీటిని పీల్చుకొని ఉబ్బి మెత్తబడును. మా కుక్కరులో వేడిమికి కొదువ లేదు. నీరే గింజ నడిమికి చేరలేదు. పైభాగము ఉడికి, లోపల పలుకు నిలిచినది. ఇందు చిక్కేమనగా, మనము ఏ పొరకొరకై ఈ బియ్యమును కొనుచున్నామో ఆ పొరయే వంటకు అడ్డుపడుచున్నది. దానిని మరలో తీయించినచో వంట సులభమే. కాని కొన్న ప్రయోజనము పోవును. కనుక పొరను ఉంచియే నీటిని లోపలికి పంపవలెను.

ఇచట పేర్లను గూర్చి రెండు మాటలు. మన బజారులలో దుకాణదారు లెక్కువమంది ఒడియావారు. వారు "అరువా" యనునది మన పచ్చిబియ్యము. "ఉసునా" యనునది మన ఉప్పుడు బియ్యము, అనగా వడ్లను నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఎండబెట్టి, పిదప ఆడించినది. మన పిల్లలు అరువా, ఉసునా, బ్రౌన్ రైస్ అను మూడు పేర్లును ఎరుగుదురు. పచ్చిబియ్యము, ఉప్పుడు బియ్యము, ముడిబియ్యము అన్నచో దిక్కులు చూచుచున్నారు. ఇది మాకు కొంచెము బాధగనే యున్నది. మరియొక తేడాను గూడ గుర్తించవలెను. ఊక మాత్రమే తీసినది ముడిబియ్యము. రోటిలో రోకలితో దంచి, చేటతో చెరిగినది దంపుడు బియ్యము. ఇందు తవుడు కొంత పోయి కొంత నిలుచును. ఎన్ని పోట్లు పడినవన్నదానిని బట్టి తెలుపు హెచ్చును. పూర్వము మన యిండ్లలో రోటిపై కుందెన నుంచి, పొన్ను తొడిగిన రోకళ్లతో ఇద్దరు స్త్రీలు ఎదురెదుర నిలిచి దంచెడివారు. ఒడియా పల్లెలలో కాలితో త్రొక్కెడి ఢెంకి యుండెడిది. ఆ పనిలోని శ్రమను మేము పొగడబోము. మా నాయనమ్మగారి అరచేతులలోని కాయలు ఇప్పటికిని పోలేదు. మర వచ్చినప్పుడు ఆమె సంతోషించెను, సంతోషించుట న్యాయమే.

పల్లెలలోని పాత హల్లరు మరలో ముడిబియ్యము దొరకదు. అది ఊకను తవుడును ఒక్క ఒరిపిడిలోనే కలిపి తీసివేయును. రబ్బరు రోలర్లు గల మరలో మాత్రము ఊక వేరుగా పోయి గింజ చెడకుండ వచ్చును. కావున వడ్లు పండించుకొను కుటుంబములవారు మరయజమానిని ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను.

సంచిలోనిది నిజముగా ముడిబియ్యమేనా యని పరీక్షించుటకు సులభమైన మార్గమున్నది. ఇరువది గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండ రెండు దినము లుంచుడు. అంకురము చెడని గింజలలో అనేకముల కొనయందు తెల్లని మొటిమ వంటిది పొడుచుకొని వచ్చును. తెల్లబియ్యమున నిది ఎన్నడును రాదు. ఉప్పుడు ముడిబియ్యమునను రాదు. ఆవిరిలో అంకురము చచ్చిపోయినది గదా! మరీ పాతబడిన బియ్యమైనను మొలక తగ్గును. మేము మొదట కొన్న సంచిలో ఇరువదింట పదునాలుగు మొలకెత్తినవి. వేరొక దుకాణములో కొన్న సంచిలో ఒక్కటియు మొలకెత్తలేదు. అది ఉప్పుడు బియ్యమో, నిలువ సరకో తెలియక ఊరకుంటిమి.

ఇక చరిత్ర. ఈ తీరపు తెలుగువారు ఆ పలుచని పొరను పోగొట్టుకొని ఒకప్పుడు ప్రాణములతో వెల చెల్లించిరి. కాళ్లు తిమ్మిరెక్కుట, పిక్కలు నొచ్చుట, నడక తడబడుట, ఒళ్లు నీరుపట్టుట, తుదకు గుండె నిలిచిపోవుట, ఇవి బెరిబెరి యను వ్యాధి లక్షణములు. ఉత్తర సర్కారుల తీరము ఈ వ్యాధికి పేరుపడిన చోటు. మన గంజాము 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా రాష్ట్రమున చేరువరకు ఆ సర్కారులలోని భాగమే. మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లోనే ఈ వ్యాధిపై ఒక గ్రంథమును మద్రాసులో ప్రచురించెను. కాని దాని కారణము అప్పటికి ఎవరికిని తెలియదు. చెడుగాలి యని కొందరు, తడినేల యని కొందరు అనుకొనిరి.

కారణమును చూపినవి కోళ్లు. జావా ద్వీపమున బటావియా నగరములో క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుడు 1890 ప్రాంతమున బెరిబెరికి సూక్ష్మజీవి కారణమని నమ్మి వెదకుచుండెను. అతని ప్రయోగశాలలోని కోళ్లకు హఠాత్తుగా కాళ్లు పడిపోసాగెను. కొన్ని నెలలకు వాని యంతట అవియే కోలుకొనెను. విచారింపగా తేలిన దేమనగా, పనివాడు సైనిక వైద్యశాల వంటశాలలో మిగిలిన తెల్లని అన్నమును కోళ్లకు పెట్టుచుండెను. క్రొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నము ఊరి కోళ్లకేల యని నిరాకరింపగా, వానికి మరల పైపొరగల బియ్యమే పెట్టవలసివచ్చెను. ఆ వంటవాని పిసినిగొట్టుతనము వైద్యశాస్త్రమునకు చేసిన మేలు ఇంతింత కాదు. పిమ్మట వోర్డర్‌మన్ అను అధికారి జావాలోని నూటొక్క చెరసాలలను పరిశీలించి, తెల్లబియ్యము పెట్టుచోట్ల 39 మందిలో ఒకరికి, ముడిబియ్యము పెట్టుచోట్ల సుమారు 10,000 మందిలో ఒకరికి మాత్రమే బెరిబెరి వచ్చుచున్నదని 1897లో ప్రకటించెను. తవుడులో ఏదియో అత్యవసర పదార్థమున్నదని గ్రీన్స్ 1901లో చెప్పెను. 1912లో ఫంక్ ఇట్టి పదార్థములకు విటమిన్ అని పేరు పెట్టెను. 1926లో జాన్సెన్, డోనత్ అనువారు జావాలోనే తవుడునుండి ఆ పదార్థమును స్ఫటికములుగా వేరుచేసిరి. ఐక్మన్‌నకు 1929లో నోబెల్ బహుమానము లభించెను.

మనదేశమున 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో మెక్‌కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధన విభాగమునకు బెరిబెరి విచారణ యనియే పేరు. అదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. కూనూరు పరిశోధకులు గుర్తించినది మనకు మిక్కిలి ముఖ్యము: ఉత్తర సర్కారులలో పచ్చిబియ్యమును మరలో తెల్లగా ఆడించి తినువారియందు వ్యాధి కనబడెను, ఉప్పుడు బియ్యము తినుచోట్ల అరుదయ్యెను. వడ్లను నానబెట్టి ఆవిరిపట్టినపుడు బి1 విటమిను పైపొరలనుండి కొంత గింజ నడిమికి దిగును. అటుపిమ్మట మరలో ఆడించినను ఎక్కువగా పోదు. మరపట్టిన ఉప్పుడు బియ్యమునను 0.21 మిల్లీగ్రాములే యుండుట ఇందువలననే. ఉసునా అన్నపు వాసన గిట్టదని ముక్కు మూసికొనెడి మన పెద్దలు, తమ తెల్లని అన్నమును మూడు నీళ్ల కడిగి, గంజి వార్చి, ఉన్న కొంచెమును గూడ పారబోసికొనెడివారు. ప్రక్కయింటి ఒడియా గృహిణి ఈ విషయమున మనకంటె తెలివిగలది యని ఒప్పుకొనక తప్పదు. నేడు బెరిబెరి అరుదు. పప్పు, కూర, పాలు పూర్వముకంటె ఎక్కువమందికి అందుచున్నవి.

ఇక పొయ్యి వెలిగింతము.

బియ్యమును మొదట చేటలోనో పళ్లెములోనో పోసి రాళ్లను వడ్లగింజలను ఏరవలెను. ముడిబియ్యమున వడ్లగింజలు తెల్లబియ్యముకంటె ఎక్కువగానే యుండును. రంగు కలిసిపోవుటచే కంటికి త్వరగా దొరకవు. పిదప ఒక్కసారి, దుమ్ము ఎక్కువయినచో రెండుసార్లు, చేతితో పులమక, నీరు పోసి త్రిప్పి వంచివేయవలెను. బి1 విటమిను నీటిలో కరగును. తవుడుపొర కొంత కాపాడును గాని, కడిగినకొలది నష్టమే.

తరువాత నానబెట్టుట. ఇదియే ఈ వంటకు ప్రాణము. చల్లని నీటిలో నాలుగు గంటలు. గోరువెచ్చని నీటిలో రెండు గంటలు. రాత్రి నానవేసి ఉదయము వండుట మా నాయనమ్మగారి పద్ధతి. ఎండకాలమున మన తీరపు ఉక్కలో రాత్రియంతయు నానినచో నీరు పులిసి వాసన వచ్చును. కావున వేసవిలో నాలుగు గంటలు మించనీయరాదు. నానిన నీటిని ఏమి చేయవలెనని మా యింట పెద్ద వాదము జరిగినది. మాకు తోచినది చెప్పుదుము. కొద్ది గంటలు నానినదైనచో ఆ నీటితోనే ఎసరు పెట్టవలెను; అందు దిగిన విటమిను అన్నములోనికే తిరిగివచ్చును. పులిసిన నీటిని మాత్రము పారబోసి క్రొత్తనీరు పోయవలెను. నానబెట్టుటచే మరియొక లాభము కలదు. తవుడులోని ఫైటిక్ ఆమ్లము ఇనుమును జింకును ఒంటికి పట్టనీయదు. నానుటవలన, అందులోను గోరువెచ్చని నీట నానుటవలన, అది కొంత తగ్గును.

తపేలాలో వండువారు ఒక గ్లాసు బియ్యమునకు, నానబెట్టిన నీటితో కలిపి, మూడు గ్లాసుల నీటిని లెక్కించుకొనవలెను. అడుగు మందమైన తపేలా మేలు. మట్టికుండ దొరికినచో మరియు మేలు. మొదట పెద్దమంటపై తెర్లనిచ్చి, ఒకసారి గరిటెతో అడుగునుండి కలిపి, మంట బాగుగ తగ్గించి, మూత వేయవలెను. అటుపై మాటిమాటికి కలుపరాదు. కలిపినచో మెతుకు చిదిగి జిగురగును. నానిన బియ్యము ముప్పదియైదు మొదలు నలుబదియైదు నిమిషములలో ఉడుకును. నీరు ఇంకుచుండగా పై భాగమున చిన్న చిన్న రంధ్రములు పడును. అప్పుడు నాలుగు మెతుకులు తీసి వ్రేళ్ల నడుమ నొక్కి చూడుడు. నడుమ సున్నపుచుక్క వలె తెల్లని పలుకు కనబడినచో ఇంకను కాలేదు. నీరు చాలనిచో మరుగుచున్న నీటినే అరగ్లాసు చల్లవలెను. చన్నీరు పోసినచో ఉడుకు విరిగి మెతుకు బిగియును. దించిన తరువాత మూత తీయక పది నిమిషములు ఉమ్మగిలనీయవలెను. ఈ పది నిమిషములలో పైభాగపు మెతుకు మెత్తబడును, అడుగంటినది వదలును. ఆకలితో నున్న పిల్లలను ఆపుట కష్టమే కాని ఆపవలెను.

ఇది అత్తెసరు పద్ధతి. గంజి వార్చుట ఇందు లేదు. పోసిన నీరంతయు అన్నములోనే ఇంకును.

కుక్కరులో వండినచో గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీరు చాలును. మొదటి ఈల వచ్చిన పిదప మంటను పూర్తిగా తగ్గించి పండ్రెండు మొదలు పదునైదు నిమిషములుంచి, కట్టివేసి, ఆవిరి తనంతట అణగువరకు మూత జోలికి పోరాదు. మేము మొదటిసారి చేసిన తప్పులు నాలుగు: నానబెట్టలేదు, నీరు తక్కువ పోసితిమి, ఈలలు లెక్కించితిమి గాని నిమిషములు లెక్కింపలేదు, ఆవిరిని గరిటెతో లేపి వదలితిమి.

వంటచెరకు గాని గ్యాసు గాని మిగుల్చుకొనదలచువారికి గడ్డిపెట్టె యుపాయము కలదు. ఒక చెక్కపెట్టెలోనో బుట్టలోనో ఎండుగడ్డిని దట్టముగ పరచి, తపేలా కూర్చుండుటకు గుంట చేయవలెను. నానిన బియ్యమును పదునైదు నిమిషములు తెర్లించి, మూత గట్టిగ పెట్టి, తెర్లుచున్నది తెర్లుచున్నట్లే ఆ గుంటలో దింపి, పైన గడ్డిని, పాత కంబళిని కప్పవలెను. గంటన్నరకు అన్నము సిద్ధము. దానిని వెంటనే తినవలెను. గోరువెచ్చగా చాలసేపు ఉంచరాదు.

క్రొత్తగా మొదలుపెట్టువారు సగము తెల్లబియ్యము కలుపవచ్చును. కాని రెండింటిని ఒక్కమారే ఎసటిలో పోసినచో ఒకటి పాయసమై, రెండవది గులకరాయి యగును. ముడిబియ్యము ఇరువది నిమిషములు ఉడికిన పిదప తెల్లబియ్యమును, దానికి తగిన నీటిని చేర్చవలెను. పప్పుపులుసు, ఆకుకూర పప్పు, గట్టి పెరుగు, ఇవి ఈ యన్నమునకు చక్కగ కుదురును. పులిహోరకు మాత్రము మాకు నచ్చలేదు. చింతపండు రసము మెతుకులోనికి దిగక పైపైననే నిలిచినది. నమలుట ఎక్కువ కావున తినునది కొంచెము తగ్గును. ఇది మొదటి వారముననే గమనించితిమి.

నిలువ విషయమున ముడిబియ్యము అలుసు చేయరానిది. తవుడులోని నూనె, ఊక తీసిన దినమునుండియే చెడుట మొదలిడును. రెండు మాసములు దాటినచో మ్రగ్గిన వాసనయు, చేదును వచ్చును; పురుగు సరేసరి. వడ్లగానైనచో ఏడాది యైనను నిలుచును. ఊక చేయు పని అది. అందుచే నెలకు సరిపడునది మాత్రమే కొని, మూత బిగువైన డబ్బాలో నీడపట్టున ఉంచవలెను. దుకాణములో సంచిపై ఆడించిన తేదీని చూడవలెను. తక్కువ పని చేసిన బియ్యమునకు ఎక్కువ వెల యేలనని మేము దుకాణదారును అడిగితిమి. "కొనేవాళ్లు తక్కువ బాబూ, పాడయ్యేది ఎక్కువ" అని అతడు చెప్పిన సమాధానమున న్యాయము లేకపోలేదు. ఐనను, పొరను తీయనందుకు డబ్బు చెల్లించువాడు పట్టణపు ధనికుడు, తీసిన బియ్యమును తినువాడు పల్లెకూలి యగుట మా మనస్సును గుచ్చుచున్నది. చౌకధరల దుకాణములలో 2024 నాటికి దేశమంతట ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చిన బియ్యము ఇచ్చుచుండిరి. నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపిన ఆ గింజలు కొంచెము వేరుగా కనబడినంత మాత్రాన ప్లాస్టికు బియ్యమని ఏరి పారవేయరాదు.

ముడిబియ్యము మందు కాదు. మధుమేహము గలవారికి తెల్లన్నముకంటె ఇది కొంత మేలే. రక్తములో చక్కెర కొంచెము నెమ్మదిగా పెరుగును. కాని ఇందును పిండియే ఎక్కువ కనుక రెండు విస్తళ్లు తినినచో ఫలమేమి? మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక తినరాదు. తవుడులో భాస్వరము ఎక్కువ. పసిపిల్లలకును, జీర్ణశక్తి తగ్గిన వృద్ధులకును కొంచెముతో ప్రారంభించి, మరింత మెత్తగా వండి పెట్టవలెను. భూగర్భజలమున ఆర్సెనిక్ ఎక్కువగా నున్న ప్రాంతములలో, ముఖ్యముగ గంగ దిగువ మైదానమున, పండిన ముడిబియ్యమున ఆ విషము తెల్లబియ్యముకంటె హెచ్చుగా నుండును. అట్టి బియ్యమును మాత్రము అత్తెసరుగా వండక, ఎక్కువ నీటిలో ఉడికించి వార్చుట మేలు. విటమిను కొంత పోయినను పోనిండు.

మిగిలిన అన్నమును గూర్చి చెప్పి ముగింతుము. ముడిబియ్యపు అన్నము చల్లారినచో గట్టిపడును. మరునాడు తిరిగి వేడిచేసినను మునుపటి మెత్తదనము రాదు. మన పెద్దల తరవాణి, ఒడియావారి పొఖాళొ దీనికి తగిన ఉపాయములు. అన్నము చల్లారిన వెంటనే శుభ్రమైన కుండలో నీరు పోసి మూసి, రాత్రి ఉంచి, ఉదయము ఉప్పు, పెరుగు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ చేర్చుకొనవలెను. నీటిలో నానిన మెతుకు మరల మెత్తబడును. మా నాయనమ్మగారు రెండవనాటి వంటను మెచ్చుకొనలేదు. మూడవనాడు ఉదయము చద్దికుండ దగ్గర కూర్చుండి, రెండవసారి వడ్డించుకొని, మామిడిటెంకను చప్పరించుచు, "ఇప్పుడు బాగుంది" అని మాత్రము అనిరి.

దసరా సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థులు తమ యింట వాడు బియ్యమును, ఊరి మరలో దొరకిన బియ్యమును చెరి యిరువది గింజలు తీసి, పైన చెప్పిన మొలక పరీక్ష చేయవలెను. ఏ రకమో, ఎన్ని మొలకెత్తినవో, మరలో హల్లరున్నదో రబ్బరు రోలరున్నదో వ్రాసికొని, గింజలను కాగితపు పొట్లములలో కట్టి తేవలెను. విజ్ఞానశాస్త్రపు తరగతిలో వానిని ప్రక్కప్రక్కన పరచి చూచెదము.